తీసేయండి, తెల్ల తెర మిగల్చకండి

సైట్లను నడిపించే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ. సర్వర్‌లో దాని 5.6 వెర్షన్ తీసేసి 8 పెట్టారంటే, పాత సైట్లలో చాలావాటికి మిగిలేది ఖాళీ తెల్ల తెర. రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు పదేళ్ల కిందట సైట్లు కట్టించుకున్న బడులు, గుళ్లు, సహకార సంఘాలు ముందే మేలుకోవాలి.

తప్పు భాషది కాదు. డేటాబేస్‌తో మాట్లాడే పాత ‘మైఎస్‌క్యూఎల్’ ఫంక్షన్లు (భాషలో సిద్ధంగా ఉండే ఆదేశాలు) వాడొద్దని 2013లో 5.5 వెర్షనే హెచ్చరించింది. 2015 డిసెంబరులో 7.0 వాటిని తొలగించింది. మధ్యలో రెండున్నరేళ్లు. పేజీ మీద హెచ్చరికలు బాగోలేవని మనవాళ్లు వాటిని పూర్తిగా నొక్కేశారు. తెర మీద చూపడం ఆపాలి గానీ, లాగ్‌లో, అంటే సర్వర్ తన తప్పులు రాసుకునే ఫైలులో, రాయడం ఆపకూడదు. నెల రోజుల లాగ్ తీసి చూస్తే ఏ ఫైలులో ఏ వరుస మార్చాలో తెలిసిపోతుంది.

వాటి బదులు వచ్చిన ‘మైఎస్‌క్యూఎల్ఐ’ ఫంక్షన్లకు మారడానికి పాత పేరుకు ‘ఐ’ తగిలిస్తే సరిపోతుందనుకోవద్దు. పాత క్వెరీ ఫంక్షన్‌కు ముందు క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ఇస్తాం, కొత్తదానికి ముందు కనెక్షన్ ఇవ్వాలి.

అసలు గండం అక్షరాల దగ్గర. పాత కనెక్షన్లు చాలావరకు ఒక్కో గుర్తుకు ఒక్క బైటే లెక్కించే లాటిన్‌1 పద్ధతిలో నడిచాయి. యూటీఎఫ్‌8 పద్ధతిలో తెలుగైనా ఒడియా అయినా ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. ‘పర్లాకిమిడి’లో గుర్తులు 11, బైట్లు 33. డేటాబేస్ పట్టికలో గడి 30 బైట్లకే కట్టి ఉంటే చివరి గుడి తెగిపోయి ‘పర్లాకిమిడ’ అని మిగులుతుంది. తెగినది తిరిగి రాదు, కాగితాలు చూసి ఎక్కించాల్సిందే. మిగతా డేటా కూడా కొత్త కనెక్షన్‌కు యూటీఎఫ్‌8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్‌8 పేరు) పెట్టగానే పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. కంగారులో పట్టికను నేరుగా మార్చేస్తే ఆ గీతలే ఖాయమవుతాయి. ముందు బ్యాకప్ తీసి, గడిని బ్లాబ్‌గా (అక్షరాలుగా చదవని ఉత్త బైట్లుగా) మార్చి, ఆ తర్వాతే యూటీఎఫ్‌8ఎంబీ4 చేయాలి.

పాత సైట్ల పట్ల ఓర్పు ఎలా ఉంటుందో మరో భాష చూపింది. బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌కు పాత వెర్షన్ అట్టిపెట్టుకునే వెసులుబాటు సైటుకు ఉండదు. 2018లో ‘ఫ్లాటెన్’ పేరుతో కొత్త సౌకర్యం తెస్తే మూటూల్స్ అనే పాత కోడ్ సంపుటి వాడే సైట్లు చెడుతున్నాయని తేలి, ఆ భాష ప్రమాణాల సంఘం దాని పేరు ‘ఫ్లాట్’గా మార్చింది. ఊరూపేరూ లేని పాత సైటు కోసం కొత్త పేరే వదులుకోవడం మాకు సబబుగానే తోస్తోంది.

సైట్లను తమ సర్వర్లలో ఉంచే హోస్టింగ్ సంస్థలు ఆ ఓర్పులో కొంతైనా చూపాలి. వెర్షన్ మార్చడానికి ఆరు నెలల ముందు ఖాతాదారుకు అర్థమయ్యే భాషలో కబురు, సరిచూసుకోవడానికి సైటుకు నకలు, మార్చాక నెల రోజులు వెనక్కి వెళ్లే వీలు ఇవ్వాలి. సంఘాలు కూడా ఏటా చేసుకునే నిర్వహణ ఒప్పందంలో ఈ మూడింటినీ రాయించుకోవాలి. డొమైన్, డేటాబేస్ పాస్‌వర్డులు సంఘం బీరువాలోనే ఉండాలి.