దొంగత్రాసు వచ్చే ఆదివారం

మన సంఘాల్లో చాలాచోట్ల రేపు ఏ వాక్యం చెప్పాలో పాస్టర్‌గారికి శనివారం రాత్రికి గానీ తేలదు. ప్రార్థన చేసుకుని, మనసుకు తట్టిన భాగం తీస్తారు. ఆ పద్ధతిని నేను తక్కువ చేయను. కానీ ఒకే బోధకుడిని ఏళ్ల తరబడి విన్నవాళ్లకు తెలుసు, తట్టే భాగాలు తిరిగి తిరిగి అవే. యెహోవా నా కాపరి, తప్పిపోయిన కుమారుడు, మలాకీలో దశమభాగం. ఆమోసు గ్రంథం తెరిచిన ఆదివారం ఒక్కటీ గుర్తుకు రాదు.

వారం వారం పాఠాలను ముందే నిర్ణయించే పట్టిక మేలు చేసేది ఇక్కడే. కతోలిక బిషప్పుల రెండో వాటికన్ మహాసభ తర్వాత 1969లో కతోలికులకు మూడేళ్ల పట్టిక వచ్చింది. ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా. యోహాను ఎక్కువగా పండుగ కాలాల్లో వస్తుంది. దాని ఆధారంగానే 1992లో ప్రొటెస్టెంట్ సంఘాలకు ఉమ్మడి పట్టిక తయారైంది. సీఎస్‌ఐకి (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాకు) సొంత పాఠాల పట్టిక ఉంది.

2025 సెప్టెంబర్ 21నే చూడండి. ఆ రోజు కతోలిక పట్టికలోనూ ఉమ్మడి పట్టికలోనూ సువార్త లూకా 16:1-13, అన్యాయస్థుడైన గృహనిర్వాహకుడి ఉపమానం. పని పోతుందని తెలిసి, యజమానికి రావలసిన బాకీలను అతడు తగ్గించి రాయిస్తాడు. దానికి జతగా ఆమోసు 8:4-7. సొంతంగా ఎంచుకోమంటే ఈ ఉపమానం జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. మోసం చేసినవాణ్ని యజమాని మెచ్చుకోవడమేమిటని సంఘస్థులు అడిగితే ఏం చెప్పాలన్న టెన్షన్ ఉంటుంది మరి.

ఇలాంటప్పుడు ఇంగ్లిష్ వ్యాఖ్యానం కంటే ముందు మన పాత తెలుగు బైబిలునే రెండుసార్లు బిగ్గరగా చదవాలి. ఆమోసులో వ్యాపారులు 'తూము చిన్నదిగాను రూపాయి యెక్కువదిగాను' చేసి, దొంగత్రాసుతో ధాన్యం అమ్మాలని చూస్తారు. లూకాలో బాకీదారు నూరు తూముల గోధుమలని చెబితే, చీటి మీద ఎనభై రాసుకోమంటాడు గృహనిర్వాహకుడు. మూలభాషల్లో ఆ రెండు కొలతలూ వేరు, కాబట్టి తూము అనే మాట మీదే సిద్ధాంతం కట్టకూడదు. కానీ వినేవాళ్లకు రెండుచోట్లా తూమే వినిపిస్తుంది. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తరుగు పేరుతో బస్తాకు కొన్ని కిలోలు పోగొట్టుకున్న కౌలురైతు ఆ బెంచీ మీదే కూర్చుని ఉంటాడు. ఒక పాఠంలో పేదవాడి మీద తూకం బరువు పెరుగుతోంది, మరో పాఠంలో బాకీ తగ్గుతోంది. ప్రసంగం అక్కడ మొదలవ్వాలని నా అభిప్రాయం. గృహనిర్వాహకుడు తగ్గించింది తన కమీషనా, ధర్మశాస్త్రం వద్దన్న వడ్డీయా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ సంగతి సంఘానికి ఉన్నదున్నట్టు చెప్పవచ్చు, తప్పేం లేదు.

అయితే పట్టిక గీసిన గీత దగ్గరే ఆగిపోవడమూ సరికాదు. పాఠం 13వ వచనంతో ముగుస్తుంది. ధనాపేక్షగల పరిసయ్యులు ఈ మాటలు విని యేసును అపహసించారని 14వ వచనం చెబుతుంది. ఈ ఉపమానం ఎవరికి గుచ్చుకుందో తెలిసేది అక్కడే. మరుసటి ఆదివారం పాఠం 19వ వచనంతో మొదలవుతుంది గనుక, బైబిలు తెరవకుండా కాగితం మీది పాఠమే చదివితే ఆ మాట ఎవరి చెవినా పడదు. ఆ మరుసటి ఆదివారం పాఠం ధనవంతుడు, లాజరు. సోమవారమే అధ్యాయమంతా చదువుకున్న కాపరి, వాకిట్లో కురుపులతో పడి ఉన్న ఆ లాజరును మనసులో పెట్టుకునే ఈ వారం తూము గురించి మాట్లాడతాడు.