ధ్యానం సరే, ముందు నిద్ర సంగతి చూడండి

మెడికోల (వైద్య విద్యార్థుల) ఒత్తిడికి యోగా, ధ్యానం మందు అని ఒక వ్యాసంలో రాశారు. మంచిదే. కానీ నల్గొండ అయినా మహబూబ్‌నగర్ అయినా మెడికల్ కాలేజీ హాస్టల్‌లో ముందు చెడేది నిద్ర. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు. రాత్రి 9కి చాయ్ తాగితే 2 గంటలకు కూడా సగం మిగిలే ఉంటది. ఇంటర్నల్స్ (కాలేజీ పెట్టే పరీక్షలు) ముందు జాగారం చేస్తే చదివింది నిలవదు.

దిగులు, ఆకలి లేకపోవడం, క్లాసు ఎగ్గొట్టడం రెండు వారాలు దాటితే సైకియాట్రీ ఓపీకి (మానసిక వైద్యులు చూసే చోటికి) పోవాలి. సొంత కాలేజీలో సార్లు చూస్తారని సిగ్గా? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఉచితం.

డిప్రెషన్ మందులు పనిచేయడానికి 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. చాలామంది వారానికే ‘ఏం ఫాయిదా లేదు’ అని ఆపేస్తారు, అక్కడే బెడిసికొడుతుంది. రూమ్మేట్ ఇచ్చే ఆల్ప్రజోలం (ఆందోళన తగ్గించే, మత్తుగా ఉంచే మాత్ర) మాత్రం ముట్టొద్దు, కొన్ని వారాల్లోనే అలవాటైపోతది.