పాంథియాన్‌కు పగుళ్లు లేవట!

రోమ్‌లోని పాంథియాన్ ఆలయం గురించి ఒక వాట్సాప్ సందేశం నేనున్న ప్రతి గ్రూపులోనూ తిరుగుతోంది. క్రీ.పూ. 27లో రోమన్ సేనాని అగ్రిప్ప కట్టాడు, రెండు వేల ఏళ్లుగా ఒక్క పగులు లేదు, మరమ్మతు లేదు, గుమ్మటం నడిమి రంధ్రంలోంచి వాన చుక్క పడదు, ఆ రహస్యం నేటి ఇంజినీర్లకు అంతుపట్టదు. ఇదీ సారాంశం. పంపినవారిలో సివిల్ ఇంజినీర్లూ ఉన్నారు!

వాన పడుతుంది. పడకపోతే నేలకు నీళ్లు పోయే రంధ్రాలు ఎందుకు పెట్టినట్టు?

అగ్రిప్ప కట్టించిన గుడి క్రీ.శ. 80లోనే కాలిపోయింది. తర్వాత డొమిషియన్ చక్రవర్తి కట్టించినదాని మీద 110లో పిడుగు పడింది. ఇప్పుడున్నది ట్రాజన్ చక్రవర్తి చివరి ఏళ్లలో మొదలై, ఆయన తర్వాతి చక్రవర్తి హేడ్రియన్ కాలంలో సుమారు 126 నాటికి పూర్తయినట్టు ఇటుకల మీది బట్టీ ముద్రలు చెబుతున్నాయి. కొన్ని ముద్రల్లో ఆ ఏటి కాన్సుల్‌ల (ఏటేటా మారే రోమ్ ఉన్నతాధికారుల) పేర్లూ ఉంటాయి. అయితే 1892లో షెదాన్ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి ఆ ముద్రలను బయటపెట్టేదాకా పండితులు సైతం ముఖద్వారం మీది అగ్రిప్ప పేరునే నమ్మారు. కాబట్టి ఈ తప్పును క్షమించేస్తున్నాను. పాత పేరునే మళ్లీ చెక్కించి అందరినీ తప్పుదారి పట్టించినది హేడ్రియన్.

క్షమించలేనిది 'మరమ్మతు లేదు' అన్న మాట. మా అపార్ట్‌మెంట్‌లో డాబా లీకేజీకి చందా అడిగితే ఒక పెద్దమనిషి ఈ సందేశాన్నే జవాబుగా పంపారు. అయ్యా, గుమ్మటం అడుగు నుంచి పైకి పాకిన నిలువు పగుళ్లను ఇంజినీర్లు కొలిచి, పటాలు గీసి పెట్టారు. 202లో సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి మరమ్మతు చేయించి, 'కాలం దెబ్బకు శిథిలమైనదాన్ని బాగుచేయించాం' అని అగ్రిప్ప పేరు కిందే చిన్న అక్షరాల్లో చెక్కించాడు. సందేశంతో వచ్చిన ఫొటోనే కాస్త పెద్దది చేసి చూడండి, ఆ వరుసలు కనిపిస్తాయి. 609లో చర్చిగా మారింది కాబట్టే ఆలనాపాలనా దక్కింది. అయినా 663లో కన్‌స్టాన్స్ చక్రవర్తి పైకప్పు మీది పూత పూసిన కంచు పలకలను ఊడదీయించుకుపోయాడు. ముఖమండపంలోని కంచు దూలాలను పదిహేడో శతాబ్దంలో పోప్ ఎనిమిదో అర్బన్ ఫిరంగులకని కరిగించాడు. ఎవరూ చేయి వేయలేదట!

ఇక రహస్యం. కింద బరువైన రాళ్లు, పైకి పోయేకొద్దీ ఇటుక ముక్కలు, కొసన తేలికైన అగ్నిపర్వతపు రాయి. 43 మీటర్ల గుమ్మటాన్ని మోసేది ఆరు మీటర్ల మందం గోడ. మన ఇంజినీర్లూ కట్టగలరు. ఆ మందం గోడలతో మూడు గదుల ఫ్లాటు అమ్ముతామంటే కొనేవారెవరో ముందుకు రండి. మంచం మాత్రం వరండాలో వేసుకోవాలి.