ఫాంట్ల పెళ్లిళ్ల పేరయ్యగారికి

మహారాజశ్రీ ఫాంట్లకు జత కుదిర్చే ఆటగారికి,

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో శుభలేఖలు కంపోజ్ చేసుకుని బతికే ఒక డీటీపీ ఆపరేటర్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

"అన్నా, ఇది ఆడితే డిజైన్ సెన్స్ వస్తది" అంటూ మా ఓనర్ కొడుకు మిమ్మల్ని నా ఫోన్‌లో ఎక్కించి పోయాడు. ఆడుతున్నాను. హెడింగ్ ఫాంట్‌ను పీటల మీద కూర్చోబెట్టి, కింది మ్యాటర్‌కి నాలుగు సంబంధాలు చూపించి, ఏది కుదురుతుందో చెప్పమంటారు. చెబితే చప్పట్లు.

నా మొదటి అభ్యంతరం గోత్రాల దగ్గర. అక్షరాల కొసలకు చిన్న తోకలున్న నోటో సెరిఫ్‌కీ, తోకల్లేని నోటో శాన్స్‌కీ ముహూర్తం పెట్టేసి భేషైన జోడీ అంటారు. ఇంటిపేరు ఒకటైనా గోత్రాలు వేరేమోలే అని సరిపెట్టుకున్నాను. మరి గిల్ శాన్స్, జొవానా? ఈ రెండు ఫాంట్లనూ గీసింది ఎరిక్ గిల్ అనే డిజైనర్ ఒక్కడే కదండీ! తోడబుట్టినవాళ్లకు పెళ్లి చేసి పైగా పాయింట్లిచ్చే పేరయ్యను మిమ్మల్నే చూశాను.

మీ శాస్త్రం తప్పని అనను. ఒకే చేతి అక్షరాలకు ఎత్తూ లావూ ఒంపూ కలుస్తాయి. అసలు పోలికే లేకపోయినా పర్లేదు. సన్నం, లావు తేడా కొట్టొచ్చినట్టు కనిపించే బొడోనీ హెడింగ్ కింద సాదాసీదా ఫాంట్ కుదురుగానే ఉంటుంది. కుదరనిదల్లా అటూ ఇటూ కాని పోలిక. 1957 నాటి హెల్వెటికా పక్కన 1982 నాటి ఏరియల్‌ని పెడితే, జోడీ అనుకోరు, ప్రెస్‌లో ఏదో తప్పు జరిగిందనుకుంటారు.

కానీ మీ సంబంధాలన్నీ ఇంగ్లీషు వాళ్లింట్లోనే. ఒక్కసారి మా బజారుకు రండి. ఒకే కార్డు మీద తెలుగు, ఇంగ్లీషు, కొన్నిటికి ఉర్దూ కూడా. మీరు ముందుగా చూసేది ఇంగ్లీషు చిన్నబడి (a, c, x లాంటి) అక్షరాల ఎత్తు. మా తెలుగుకు చిన్నబడీ లేదు, పెద్దబడీ లేదు. పైన తలకట్లు, గుడులు, కింద వేలాడే ఒత్తులు. "మా జ్యేష్ఠ పుత్రిక చి.ల.సౌ." అని వేశామంటే, ష్ఠ కింది ఒత్తు దిగివచ్చి కింది లైన్లోని గుడిని గుద్దుతుంది. లైన్ల మధ్య ఖాళీ పెంచామా, అదే కొలతతో పక్కనున్న ఇంగ్లీషు లైన్లు ఎడమొహం పెడమొహం అవుతాయి. ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపిశైలి కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా జారుతూ వస్తుంది. దాని ఎత్తుకు చోటెక్కడ?

మా వైపు సంబంధాలకేం కొదవ లేదు. సిలికానాంధ్ర సంస్థ తెచ్చిన తెలుగు ఫాంట్లలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ ఉన్నారు, సాక్షాత్తూ శ్రీకృష్ణదేవరాయలే ఉన్నారు. పెద్దక్షరాలకు రామభద్ర, పత్రిక మ్యాటర్‌కి మండలి. బలూ ఫాంట్‌కు తెలుగు రూపం పేరే బలూ తమ్ముడు. వరస పేరులోనే ఉంది కనుక మీరు ఆ జోలికి వెళ్లకూడదు, కానీ మీ చరిత్ర చూస్తే నమ్మకం లేదు.

నా మనవి ఒక్కటే. వచ్చే వెర్షన్‌లో ఇంకో లెవెల్ పెట్టండి. ఎంత చక్కటి జత చూపించినా, పెళ్లికూతురి మేనమామ వచ్చి "పేర్లు ఇంకా పెద్దగా, బంగారు రంగులో, వెనకాల నీడతో" అనాలి. తర్వాత "ఆహ్వానించువారు" కింద మరో అరడజను పేర్లు వాట్సాప్‌లో పంపాలి, కార్డు సైజు మాత్రం పెరగకూడదు. అది గెలిచినవాడికి చప్పట్లు అక్కర్లేదు, అడ్వాన్సు ఇప్పించే బటన్ ఒకటి పెట్టండి చాలు.

ఇట్లు,
తమ విధేయుడు