ఏనుగు కనబడకపోయినా సరంగుకు కూలి పడాలి

కినబతాంగన్ నది ఒడ్డున ఏనుగుల మంద కనబడినప్పుడు బోటు ముందుకు పోవాలా, వెనక్కి మళ్లాలా? మలేసియాలోని సబా రాష్ట్రంలో ఆ నిర్ణయం ఒడ్డున బతుకుతున్న ఊళ్లదే కావాలి. పర్యాటకం ఆదాయంలో ఊరికి వాటా ఇస్తే చాలనుకునేవాళ్లు ఈ ప్రశ్న దాటేస్తున్నారు.

నేపథ్యం ఇది. సబా ఉన్న బోర్నియో దీవి ఏనుగును అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) 2024లో ‘అంతరించే ప్రమాదం’ జాబితాలో చేర్చింది. అడవిలో మిగిలినవి సుమారు వెయ్యి. దిగువ కినబతాంగన్‌లో 2005లో ప్రకటించిన అభయారణ్యం దాదాపు 26 వేల హెక్టార్లు, అదీ పది ముక్కలుగా. చుట్టూ పామాయిల్ తోటలు. ఆ నది ఒడ్డునే బాతు పుతె ఊళ్లలోని ఒరాంగ్ సుంగై జనం 1997లో మెస్కాట్ పేరుతో మొదలుపెట్టిన ప్రయత్నం 2003లో కోపెల్ సహకార సంఘమైంది. ఇళ్లలో బస, బోట్లు, గైడ్‌లు, తుంగోగ్ సరస్సు దగ్గర శిబిరం, మొక్కల పెంపకం అన్నీ దాని కిందే నడుస్తున్నాయి.

సంఘం ఎందుకు మేలో తెలియాలంటే డబ్బు ఎలా చేతులు మారుతుందో చూడాలి. ప్రైవేటు లాడ్జీల బస, బోటు ప్యాకేజీ అమ్ముడయ్యేది ఏనుగు కనబడుతుందన్న ఆశ మీద. కనబడితే సరంగుకు బక్షీసు, లేకపోతే అతిథుల చిరాకు. అందుకే ఒక సరంగుకు మంద జాడ దొరికిందంటే ఫోన్ల మీద ఫోన్లు, కాసేపట్లో బోట్లన్నీ అక్కడే మూగుతాయి. వెనక ఆగినవాడి అతిథులకు ఫొటో దక్కదు గనక అందరూ ముందుకే తోస్తారు. నిబంధనల బోర్డు ఎంత పెద్దది పెట్టినా ఈ లెక్క మారదు. సంఘం చేతిలో మారుతుంది: ట్రిప్పులు వంతులవారీగా, ట్రిప్పుకు ఇంతని కూలి, ఏనుగు కనబడినా కనబడకపోయినా అంతే, బక్షీసులు ఉమ్మడి పెట్టెలోకి. అప్పుడు ఆగిన సరంగు నష్టపోడు.

ఆగడం ఎందుకంత అవసరమో మంద నది దాటేటప్పుడు తెలుస్తుంది. నీటి మీద తల పైభాగం, ఎత్తిపట్టిన తొండం మాత్రమే కనబడతాయి. గున్న పెద్ద ఏనుగుల మధ్య, తల్లి ఒంటికి ఆనుకుని ఈదుతుంది. అప్పుడు బోటు వేగంగా పోతే లేచే అల గున్నను తల్లి నుంచి పక్కకు నెట్టేస్తుంది. మంద ఎక్కబోయే ఒడ్డుకు బోట్లు అడ్డం నిలిస్తే సగం ఏనుగులు అటు, సగం ఇటు చీలిపోతాయి. అందుకే దూరంలోనే వేగం తగ్గించి, మంద దారికి అడ్డం కాని ఒడ్డుకు చేరి, ఇంజను ఆపేయాలి, ఆపైన తెడ్డే. ఏనుగుకు చూపు తక్కువ, వాసన పదును, కాబట్టి గాలివాటం కూడా చూసుకోవాలి. మేత ఆపి చెవులు విప్పి నిలబడినా, తొండమెత్తి గాలి పసిగట్టినా, ఆడ ఏనుగులు గున్న చుట్టూ దగ్గరకు జరిగినా బోటు కదలాల్సింది వెనక్కే. మందకు రెండు మూడు బోట్లు మించకూడదు, తర్వాతి బోటు నది మలుపు అవతలే ఆగాలి. ఇది ఏ సరంగుకైనా వచ్చిన పనే. పాటించాలంటే మాత్రం ఆ రోజు కూలి పోదన్న ధీమా ఉండాలి.

ఊళ్లకు పెట్టుబడి లేదు, బుకింగులు, బీమా చూసుకోలేవు, లాడ్జీలు లేకపోతే పర్యాటకులే రారు అంటారు. కొంత నిజమే. నది పొంగి ట్రిప్పులు ఆగిపోయిన నెలల్లో చిన్న సంఘం కుదేలవుతుంది. దానికి ముందు నుంచే నిల్వ నిధి పెట్టుకోవాలి, బుకింగులకు జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలి. లాడ్జీలు గదులు నడుపుకోనీ. నదిలో బోటు తిప్పే అనుమతి ఊరి సంఘం ద్వారానే రావాలి.

అయితే బోట్ల మీద పెత్తనం వచ్చి, ఒడ్డు మీద హక్కు రాకపోతే ఇదంతా సగంలో ఆగుతుంది. తుంగోగ్ సరస్సును సాల్వీనియా కమ్మేసినప్పుడు ఊరివాళ్లే చేతులతో లాగి పారేశారు. చిన్న ముక్క మిగిలినా మళ్లీ అల్లుకునే కలుపు అది. ఆ ఓపిక అక్కడే బతకాల్సినవాళ్లకు ఉంటుంది. మరి ఒడ్డు సంగతి? సబా 1998 నీటి వనరుల చట్టం ప్రకారం మూడు మీటర్లకు మించిన వెడల్పున్న నదికి ఒడ్డు వెంట వదలాల్సింది 20 మీటర్ల పట్టీ. అంత ఇరుకులో మందకు మేత చాలదు, తోటలోకి దిగి లేత పామాయిల్ మొక్కల మొవ్వు పీకి తింటుంది. తోటవాళ్లు కరెంటు కంచె వేస్తారు, మంద ఊరి మీద పడుతుంది. 2013 ఆరంభంలో సబాలోనే గునుంగ్ రారా అడవిలో 14 ఏనుగులు చనిపోతే విషమే కారణమని అధికారులు అనుమానించారు. ఒక తల్లి కళేబరం పక్కన గున్న ఒకటి బతికి ఉంది.

అభయారణ్యం ముక్కల మధ్య ఏనుగుల దారులకు భూమి సేకరించి, పట్టీ వెడల్పు పెంచి, మొక్కల పెంపకం, కాపలా ఊరి సంఘాలకు జీతంతో అప్పగించాలి. నాటి వదిలేసిన మొక్కను తీగలు కమ్మి చంపేస్తాయి, వరద నిలిచే చోట దానికి ఓర్చే స్థానిక జాతులే నిలుస్తాయి, ఏళ్లపాటు కలుపు తీసే మనిషి కావాలి. ముడి పామాయిల్ మీద సబా ప్రభుత్వం అమ్మకం పన్ను వసూలు చేస్తూనే ఉంది. ఈ జీతాలు ఆ పద్దు నుంచే రావాలి.