కాంక్రీటుకు రిజిస్టరు ఉంది, పోసిన మనిషికి లేదు

స్లాబ్ వేసే రోజున సైటు ఇంజినీరు మరిచిపోకూడని పని ఒకటుంది. మిక్సరు నుంచి వచ్చే కాంక్రీటులోంచి మధ్యమధ్య కొంత తీసి, 150 మిల్లీమీటర్ల ఇనుప అచ్చుల్లో క్యూబులు పోయించాలి. ఆ రోజు పోసేది 16 నుంచి 30 ఘనపు మీటర్ల మధ్య ఉంటే కనీసం 3 నమూనాలు తీయాలని, ఒక్కో నమూనాకు 3 క్యూబులు ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మర్నాడు అచ్చు విప్పి, తేదీ రాసి, నీళ్ల తొట్టిలో వేసి, 28వ రోజున యంత్రం కింద పెట్టి నలగ్గొడతారు. ఏ అంతస్తు, ఏ పిల్లరు, ఏ గ్రేడు, ఏ కంపెనీ సిమెంటు, ఎంత బరువుకు పగిలింది అన్నవన్నీ క్యూబు రిజిస్టరుకు ఎక్కుతాయి. పదేళ్ల తర్వాత ఆ స్లాబ్‌లో పగులు కనబడినా సరే, ఆ రిజిస్టరు తిరగేస్తే ఆనాటి కాంక్రీటు జాతకమంతా చెప్పవచ్చు.

అదే బల్ల మీద ఇంకో పుస్తకం ఉంటుంది. దాన్ని లేబర్ రిపోర్టు అంటారు. అందులో ‘సెంట్రింగ్ 8, రాడ్ బెండింగ్ 6, తాపీ 4, హెల్పర్లు 14’ అని రాసి ఉంటుంది. అంతే. ఆ ఎనిమిది మంది ఎవరో, ఏ ఊరివారో, నిన్న వచ్చినవారే ఇవాళా వచ్చారో లేదో అందులో కనబడదు. పెద్ద కంపెనీల సైట్లలో గేటు పాసులు, ఫొటో కార్డులు వచ్చిన మాట నిజమే కానీ, మన ఊళ్లలోనూ నగరాల్లోనూ లేచే అపార్ట్‌మెంట్లు, షెడ్లు, కాలువ పనులు, కల్వర్టుల్లో అత్యధిక భాగం ఇప్పటికీ ఈ అంకెల పుస్తకం మీదే నడుస్తున్నాయి. ఇరవై ఏళ్లకు పైగా ఈ రెండు పుస్తకాల కిందా సంతకాలు పెట్టినవాణ్ని కాబట్టి చెబుతున్నాను: కూలీ పేరు రాయకపోవడం కూలీకి ఒక్కడికే నష్టం కాదు, కట్టడానికి కూడా నష్టమే. ఈ నష్టాన్ని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలు ఎక్కువగా మోస్తున్నాయి.

సంక్రాంతి వెళ్లాక, కనుమ మర్నాటి నుంచి పలాస, ఆమదాలవలస, విజయనగరం స్టేషన్లలో జనరల్ బోగీల ముందు నిలబడే వరసను చూస్తే ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. వంశధార, నాగావళి పారే నేల ఇది. గొట్టా బ్యారేజీ ఉంది, 1908 నాటి తోటపల్లి పాత రెగ్యులేటరు స్థానంలో 2003లో శంకుస్థాపన జరిగి 2015 సెప్టెంబరులో జాతికి అంకితమైన కొత్త బ్యారేజీ ఉంది, 19 టీఎంసీల హిరమండలం జలాశయం ఉంది. అయినా రెండో పంటకు నీరందని మెట్ట, శివారు భూములు చాలా ఉన్నాయి. ఒక పంట చేతికొచ్చాక మిగిలిన నెలలు గడవడానికి తాపీ పట్టడమే ఈ ప్రాంతంలో వేల కుటుంబాలకు అలవాటైన మార్గం. హైదరాబాద్‌లో, చెన్నైలో, విశాఖలో ‘శ్రీకాకుళం మేస్త్రి’ అన్నది ఒక హోదా లాంటి మాట. పనితనం మీద నమ్మకంతో పుట్టిన పేరది, ఊరికే వచ్చింది కాదు.

ఆ పేరు వెనక మనుషులు ఎలా లెక్కకు రాకుండా పోతారో 2014 జూన్ 28న దేశమంతా చూసింది. చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం ఆ శనివారం సాయంత్రం వానలో కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వారిలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వెళ్లిన కూలీలు ఎందరో ఉన్నారు. శిథిలాల కింద ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకు మొదటి రోజుల్లో కచ్చితమైన జవాబు ఎవరి దగ్గరా లేదు. అంకె మారుతూ వచ్చింది. సహాయక బృందాలు స్లాబులు కోస్తూ వెతుకుతుంటే, ఇక్కడ పల్లెల్లో బంధువులు ఫోన్లు చేసుకుంటూ ‘మావాడు ఆ సైటులోనే ఉన్నాడా, ఇంకో సైటుకు మారాడా’ అని ఒకరినొకరు అడుక్కున్నారు. పక్కనే నిలిచి ఉన్న జంట భవనాన్ని 2016 నవంబరు 2న పేలుడు పదార్థాలతో కూల్చేశారు. పిల్లర్లు, డిజైను, నేల పటుత్వం, అనుమతులు అన్నింటి గురించీ ఎంతో చర్చ జరిగింది. హాజరు పుస్తకం గురించి మాత్రం తగినంత జరగలేదు.

హాజరు పుస్తకానికీ కట్టడం బలానికీ సంబంధమేమిటని అడగవచ్చు. స్లాబ్ తడపడాన్నే తీసుకుందాం. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికేది బూడిద కలిసిన పీపీసీ సిమెంటు. అలాంటి సిమెంటుతో పోసిన కాంక్రీటును కనీసం 10 రోజులు ఎడతెగకుండా తడిగా ఉంచాలన్నది ప్రమాణం. స్లాబ్ మీద ఇసుకతోనో పలుచటి సిమెంటు మాలుతోనో చిన్న చిన్న గట్లు పోసి, మడులు కట్టి, నీళ్లు నిలబెడతారు. పిల్లర్లకు గోనె పట్టాలు చుట్టి తడుపుతారు. వరి మడికి గట్టు వేసిన చేతికి ఈ పని ఎవరూ నేర్పక్కరలేదు. పాలకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మిట్టమధ్యాహ్నం ఎండలో నాలుగో అంతస్తు స్లాబ్ మీద ఒక గట్టు తెగి నీరు జారిపోవడం చూసి, భోజనం డబ్బా మూత మళ్లీ పెట్టేసి, వేళ్లతో మాలు తీసి ఆ గండి పూడ్చడం నేను దగ్గర నుంచి చూశాను. ఆ స్లాబ్ క్యూబులు 28వ రోజున ఎంత బలం చూపించాయో రిజిస్టరులో ఉంది. అయితే క్యూబులు తొట్టిలో నిండుగా మునిగి ఉంటాయి కాబట్టి వాటి బలం స్లాబ్ బలానికి పూర్తి సాక్ష్యం కాదు. అసలు స్లాబ్‌కు ఆ బలం వచ్చిందా లేదా అన్నది ఆ పెద్దాయన పది రోజులు ఎలా తడిపాడన్న దాని మీద ఆధారపడింది. లేబర్ రిపోర్టులో ఆయన ‘హెల్పర్లు 14’లో ఒకరు. పదకొండో రోజున ఆయన స్థానంలో ఇంకొకరు వచ్చినా ఆ అంకె మారదు.

సెంట్రింగ్, అంటే స్లాబ్ గట్టిపడేవరకు కింద మోసే పలకలు, పోట్లు విప్పడం ఇంతకంటే ప్రమాదకరం. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్ కింద పోట్లు 7 రోజుల వరకు, అంతకు మించిన వెడల్పుకు 14 రోజుల వరకు తీయకూడదు. పెద్ద దూలాల కిందైతే 21 రోజులు ఆగాలి. పై అంతస్తుకు ఆ పోట్ల జాకీలు కావాలి, అద్దె పెరుగుతోంది, ఐదో రోజునే విప్పమని ఎవరో అంటారు. పదేళ్లు ఆ పని చేసిన సెంట్రింగ్ మేస్త్రికి అది తప్పని తెలుసు. కానీ అతని పేరు ఎక్కడా లేదు, చెప్పినవారి పేరూ ఉండదు. పేరు లేని మనిషికి కాదనే బలం ఉండదు. కాదన్నవాడు రేపు పనిలో లేకపోయినా, ‘సెంట్రింగ్ 8’ అన్న అంకెను ఇంకొకరు పూరిస్తారు. అదే ఆ జాకీలను ఏ తేదీన, ఎవరి బ్యాచ్, ఎవరి అనుమతితో విప్పిందో రాసే అలవాటు ఉంటే, అనుమతి ఇచ్చే ఇంజినీరు చేయి కూడా కొంచెం ఆగుతుంది. ఇంజినీరుగా నా గురించే ఈ మాట చెప్పుకుంటున్నాను.

నగరంలో ఒక సైటులో నేను ఉండగా రెండో అంతస్తు సన్‌షేడ్ మీద నుంచి ఒక కుర్రవాడు పడిపోయాడు. ఆసుపత్రిలో పేరు, వయసు, తండ్రి పేరు అడిగారు. మా ఆఫీసు గదిలో ఉన్న ఏ కాగితంలోనూ ఆ మూడూ లేవు. మేస్త్రి ఇంకో సైటుకు వెళ్లి ఉన్నాడు, అతని ఫోను కలవడానికి రెండు గంటలు పట్టింది. అప్పటివరకు చీటీ మీద ‘లేబర్’ అనే ఉంది. ఆ కుర్రవాడు బతికాడు కానీ, కాలు మునుపటిలా లేదు. తర్వాత నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి సాయానికి దరఖాస్తు చేద్దామంటే ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినట్టు ధ్రువీకరణ కావాలన్నారు. అతను నాలుగు సైట్లలో రెండు వందల రోజులకు పైగా పనిచేశాడు. ఒక్క సైటులోనూ అతని పేరు రాసి లేదు.

చట్టం లేక ఇలా జరిగింది కాదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం ఎవరు ఏ పని ఎన్ని గంటలు చేశారో, ఎంత వేతనం పుచ్చుకున్నారో యజమాని రిజిస్టర్లలో రాసి ఉంచాల్సి ఉండేది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసినవారు సంక్షేమ మండలిలో నమోదు కావచ్చు. నిర్మాణ వ్యయం మీద 1 శాతం సెస్సు ఆ మండలికి వెళుతుంది. డబ్బు వసూలవుతూనే ఉంది. దేశమంతటా 37,400 కోట్ల రూపాయలకు పైగా సెస్సు వసూలైతే 9,500 కోట్ల మేరకే ఖర్చయిందని 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు సందర్భంగా వెల్లడైంది. నిధి ఉండి కూడా అందుకునేవారు కనబడకపోవడానికి అవినీతి, అలసత్వం కారణాలుగా చెబుతారు. అవి ఉన్నాయి. అంతకంటే ముందు, 90 రోజుల రుజువు అన్న మొదటి మెట్టు దగ్గరే సగం మంది ఆగిపోతున్నారన్నది నేను చూసిన సంగతి.

వలస కార్మికుల కోసం 1979లో వచ్చిన చట్టానికి పునాది మన పొరుగునే పడింది. అడ్వాన్సు చేతిలో పెట్టి కూలీలను దూరప్రాంతాలకు తీసుకుపోయే పద్ధతిని ఒడిశాలో దాదన్ అంటారు. దాన్ని అదుపు చేయడానికి 1975లో ఆ రాష్ట్రం తెచ్చిన చట్టమే దేశ చట్టానికి దారి చూపింది. 1979 చట్టంలో ఒక మంచి ఏర్పాటు ఉండేది: కూలీ ఫొటో, పని స్థలం, పని కాలం, వేతనం రాసిన పాస్‌బుక్ కాంట్రాక్టరు ఇవ్వాలి. అది అమలైన సైటు నా ఉద్యోగంలో నాకు ఒక్కటీ తగల్లేదు. ఆ చట్టం 5 మంది అంతర్రాష్ట్ర వలస కూలీలున్న చోట నుంచే వర్తించేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ సంఖ్య 10 అయింది. సొంతంగా వెళ్లినవారిని కూడా వలస కార్మికులుగా గుర్తించడం కొత్త కోడ్‌లో మెచ్చుకోదగిన మార్పు. కానీ మన మేస్త్రి బ్యాచ్ చాలావరకు ఆరుగురో ఎనిమిది మందో ఉంటుంది. చిన్న సైటులో ఆ ఒక్క బ్యాచే పనిచేస్తుంటే పది అన్న గీత వారికి పైనే ఉండిపోతుంది.

ఇది మనవారు బయటికి వెళ్లే కథ మాత్రమే కూడా కాదు. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం 2,200 ఎకరాల పని. దానికి రెండు వారాల ముందు, ఏప్రిల్ 19న శ్రీకాకుళం తీరంలో మూలపేట పోర్టు పనులకు శంకుస్థాపన జరిగింది. ఇంతటి పనుల దగ్గర ఒడిశా, బిహార్, జార్ఖండ్, బెంగాల్ కూలీలు కనబడడం దేశంలో ఎక్కడైనా మామూలే. మన కుర్రవాడు చెన్నైలో ఎలా అంకె అయ్యాడో, వారి కుర్రవాడు మన దగ్గర అలా అంకె కాకూడదు. తీరంలో కాంక్రీటు పని మరీ జాగ్రత్తగా చేయాల్సింది. ఉప్పు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి రాడ్డు మీద కాంక్రీటు కవరు 45 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట 25 ఉంటే, తేడా పదేళ్లకు గానీ బయటపడదు. ఆ దూరం నిలబెట్టే చిన్న దిమ్మె, కవర్ బ్లాకు పెట్టేది, పక్కకు జరిగితే సరిచేసేది హెల్పరే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తాకిన తీరం ఇది, ఇక్కడ కట్టినదానికి పరీక్ష ఏ ఏడాదైనా రావచ్చు.

శిలాఫలకం మీద కూలీ పేరు చెక్కమని నేను అడగడం లేదు. అడుగుతున్నది చాలా చిన్నది. ప్రభుత్వ పనుల్లో కాంట్రాక్టరు బిల్లు నుంచి 1 శాతం సెస్సును ముందే మినహాయిస్తారు. బిల్లు పాస్ కావాలంటే ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో పని కొలతలు ఎక్కాలి. ఆ కొలతలతో పాటే ఆ నెలలో పనిచేసినవారి పేర్లు, ఊళ్లు, పని దినాల జాబితా జత చేయాలని, అది లేకపోతే బిల్లు కదలదని ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. అదే కాగితం ఆ కూలీకి 90 రోజుల రుజువవుతుంది. ప్రైవేటు సైట్ల విషయానికి వస్తే, కూలీ బయలుదేరే ఊళ్లోనే మొదలుపెట్టవచ్చు. 2019 అక్టోబరు నుంచి మన గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లు ఉన్నారు. డిప్లొమానో డిగ్రీనో చదివిన ఆ యువకులకు సెంట్రింగ్ అంటే ఏమిటో, రాడ్ బెండింగ్ అంటే ఏమిటో తెలుసు. సంక్రాంతి సెలవుల్లో ఊరికి వచ్చిన ప్రతి బ్యాచ్‌నూ పిలిచి, ఎవరికి ఏ పని వచ్చు, నిరుడు ఎక్కడెక్కడ ఎన్నాళ్లు చేశారు, ఇప్పుడు ఎక్కడికి వెళుతున్నారు అన్నది రాసి, కూలీ చేతిలోనే ఉండే ఒక పుస్తకం ఇవ్వవచ్చు. సైటు మారినా పుస్తకం మనిషి వెంటే ఉండాలి.

మనుషులు పది రోజులకోసారి మారిపోతుంటే ఎవరు రాస్తారని కాంట్రాక్టర్లు అంటారు. రాయడం కష్టం కాదనడానికి నా దగ్గర ఒక సాక్ష్యం ఉంది. పాతపట్నం వైపు నుంచి వచ్చిన ఒక తాపీ మేస్త్రి చొక్కా జేబులో, చెమటకు అంచులు మెత్తబడిన చిన్న పుస్తకం ఎప్పుడూ ఉండేది. ఒక పేజీకి ఒక మనిషి. పేరు, ఇంటి పేరు, ఊరు, కిందన గీతలు. నిండు గీత పూర్తి హాజరు, సగం గీత ఒంటిపూట. పక్కన ఇచ్చిన అడ్వాన్సు, ఇంటికి పంపిన డబ్బు. ఒకచోట ‘తల్లికి జొరం, వెళ్లాడు’ అని కూడా రాసుకున్నాడు. ఐదో తరగతి దాటని ఆ మనిషి పన్నెండేళ్లుగా ఒక్కరోజు తప్పకుండా రాస్తున్న లెక్క అది. చట్టం యజమానిని అడిగిన వివరాలు చాలావరకు అందులోనే ఉన్నాయి.

మా సైటులో వాడే క్యూబు రిజిస్టరులో చివరి గడి పేరు ‘రిమార్కులు’. చాలా పేజీల్లో అది ఖాళీగానే ఉంటుంది. ఆ రోజు స్లాబ్ పోసిన బ్యాచ్ మేస్త్రి పేరు, తడిపే బాధ్యత తీసుకున్నవారి పేరు రాయడానికి ఆ గడి సరిపోతుంది.