సవరణ: మహాశ్వేతాదేవి పోస్టులో నా తప్పులు

మొన్న బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి గురించి రాస్తూ, ‘అరణ్యేర్ అధికార్’ సంతాల్ తిరుగుబాటు నవల అనీ, దానికే జ్ఞానపీఠ్ వచ్చిందనీ రాశాను. రెండూ తప్పే. క్షమించండి.

ఆ నవల ముండా ఆదివాసీలది, బ్రిటిష్ పాలనపై తిరగబడిన బిర్సా ముండా కథ. 1900లో రాంచీ జైల్లో, పాతికేళ్లయినా నిండకుండా చనిపోయాడాయన. ముండాలను సంతాల్‌లుగా రాయడం చిన్న పొరపాటు కాదు. ఎవరి పోరాటాన్ని వాళ్ల పేరుతోనే చెప్పాలని ఆమె జీవితమంతా తపించింది. ఆ నవలకు 1979లో వచ్చింది సాహిత్య అకాడమీ అవార్డు. జ్ఞానపీఠ్ 1996 నాటిది.

‘బర్తిక’ పత్రికను ఆమే మొదలుపెట్టినట్టు కూడా రాశాను. అది ఆమె తండ్రి మనీష్ ఘటక్ నడిపిన పత్రిక. ఆయన పోయాక ఆమె చేతికొచ్చి, కూలీలు, రిక్షావాళ్లు తమ బతుకులు తామే రాసుకునే చోటైంది. జైల్లో అక్షరాలు నేర్చుకున్న మనోరంజన్ బ్యాపారి ఒకరోజు తన రిక్షా ఎక్కినావిడను ‘జిజీవిష’ అంటే ఏమిటని అడిగాడు. బతకాలన్న కోరిక అని చెప్పి, నా పత్రికకు రాయమంది. ఆవిడే మహాశ్వేతాదేవి. ఆ రిక్షా కార్మికుడు తర్వాత పేరున్న రచయిత అయ్యాడు.

పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా శబర ఆదివాసీల గురించి నేను రాసింది మాత్రం సరైనదే. 1998లో కస్టడీలో చనిపోయిన బుధన్ శబర్ కోసం ఆమె కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది.

పాత పోస్టు కూడా సరిచేశాను. షేర్ చేసినవాళ్లు దయచేసి ఇదీ షేర్ చేయండి.